పసుపుపచ్చ కార్డు, నల్ల దోమతెర

ఇది ఒక మహానగరం కథ. ఇందులో సముద్రంలో కలవబోయే నది ఉంది, ఆ నది ఒడ్డున దొరలు బొగ్గు కోసం కట్టించిన రేవు ఉంది, బొగ్గు పోయి నూనె వచ్చిన వైనం ఉంది, మధ్యలో ఒక యుద్ధం ఉంది, పొద్దు గూకినా ఆకాశాన్ని చల్లారనివ్వని మంటలున్నాయి. రెండు ఖండాలు, మూడు తరాలు, ఊపిరి కోసం కొట్లాడిన ఒక పసిపిల్ల. ఇట్లా మొదలుపెట్టి ఎనిమిది వందల పేజీలు రాద్దామనుకున్నాను. అసలు జరిగింది మాత్రం ఇంతే: పోయిన ఆదివారం పొద్దున మా బాపు నా చేతిలో ఒక పాత పసుపుపచ్చ కార్డు పెట్టి, "ఏరా శీనూ, ఇది ఇంక నడుస్తదా, లేకుంటే మళ్ళ సూది ఏసుకోవాల్నా? జర ఫోన్ల చూసి చెప్పు" అన్నాడు. నేను ఫోన్ తీశాను. మా ఇంట్లో సిగ్నల్ రావాలంటే మెట్ల మీదికి పోవాలి. ఆ మెట్ల మీద కూర్చున్న పావుగంటలో గుర్తొచ్చినవి రాస్తున్నాను.

ఇరవై రెండేళ్ళకే జ్ఞాపకాలేందని మీరడగొచ్చు. మా చెల్లె చిట్టి ఆల్రెడీ అడిగింది. దానికి పద్నాలుగేళ్ళు, జేబులో ఎప్పుడూ ఇన్‌హేలర్ ఉంటుంది, నాలుక దానికంటే ఎక్కువ పనిచేస్తుంది. "ముసలోళ్ళు రాస్తరు గవి. నీకు మీసాలే సక్కగ రాలే" అంది. నిజమే. కానీ మా ఇంట్లో పెద్దవాళ్ళెవరూ ఆ ఊరి గురించి మాట్లాడరు. బాపు మాట మారుస్తాడు, అమ్మ లేచి వెళ్ళిపోతుంది, చిట్టికి ఏమీ గుర్తులేదు. మిగిలింది నేను.

షంషాబాద్‌లో మా ఇల్లు విమానాలు దిగే దారి కింద ఉంటుంది. విమానం నెత్తి మీదికి వచ్చినప్పుడు మాట మధ్యలో ఆపి, అది పోయాక ఆపిన చోటునుంచే అందుకోవడం మాకు అలవాటు. కొత్తగా వచ్చిన చుట్టాలు మా ఇంటిల్లిపాదికీ నత్తి అనుకుంటారు. మా తాత చేను ఇప్పుడు రన్‌వే కింద ఉంది. ఎక్కడుందని అడిగితే, విమానం చక్రాలు మొదట తాకే చోటే మనదని బాపు చెబుతాడు. భూమి పోయినవాళ్ళు ఎవర్నడిగినా విమానం మా చేన్లోనే దిగుతుందంటారు. అందరి మాటా నిజమైతే ఆ విమానం కప్పలాగా గెంతుకుంటూ పోవాలి. చేను పోయాక బాపు వెల్డింగ్ నేర్చుకున్నాడు. అదే నేలలో పైపులు అతికే పని దొరికింది. ఎయిర్‌పోర్టు పూర్తయ్యాక షాద్‌నగర్‌లో ఒక ఫ్యాక్టరీలో కొన్నేళ్ళు చేశాడు. తర్వాత ఎయిర్‌పోర్టులో పనిచేయించిన కాంట్రాక్టరే ఫోన్ చేసి, ఆఫ్రికాలో ముడినూనె ట్యాంకుల పని ఉంది, వస్తావా అన్నాడు. అట్లా మా బాపు తను పోగొట్టుకున్న చేన్లోంచే విమానమెక్కి పోర్ట్ హార్‌కోర్ట్ అనే ఊరికి పోయాడు. ఏడాది తర్వాత మమ్మల్నీ రమ్మన్నాడు.

పోయిన ఆదివారం ఆ కార్డు ఎందుకు బయటికొచ్చిందంటే, అదే కాంట్రాక్టర్ మళ్ళీ ఫోన్ చేశాడు. అదే ఊరు, ట్యాంకుల రిపేరు, ఆరు నెలలు. బాపు ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. మా ఇంట్లో నిర్ణయాలు ఎవరూ నోటితో చెప్పరు, మంచం కింది ఇనుప సందుగ బయటికి లాగుతారు. ఆ రేకు చప్పుడు వినగానే అమ్మ స్టవ్ ఆపేసి వంటింటి గుమ్మంలో నిలబడింది. బాపు కార్డు నాకిచ్చాడు. అమ్మ నన్ను చూసింది. ఆ చూపు నాకు అర్థమైంది: కార్డు చచ్చిందని చెప్పు. చచ్చిన కార్డయితే మళ్ళీ సూది వేయించుకోవాలి, దానికి సిటీకి పోయి పేరు రాయించుకోవాలి, వాళ్ళు చెప్పిన రోజుదాకా ఆగాలి, ఈలోపు కాంట్రాక్టర్ ఇంకెవరినైనా చూసుకుంటాడు. బాపు పోవడం, పోకపోవడం నా వేలి మీద ఆగింది. ఆ వేలికేమో సిగ్నల్ లేదు.

ఆ దేశానికి పోవాలంటే ఎల్లో ఫీవర్ సూది వేయించుకోవాలి. వేయించుకున్నట్టు రుజువు ఈ పసుపుపచ్చ కార్డు. మేం బయల్దేరే ముందు అమ్మా, నేనూ వేయించుకున్నాం. చిట్టికి ఆ రోజు ఒళ్ళు కాలిపోతోంది. జ్వరంలో ఈ సూది వేయం, తగ్గాక తీసుకురండి అన్నారు. టికెట్లు ఆ వారానికే ఉన్నాయి. ఏజెంటు అమ్మతో, "పరేషాన్ గాకక్కా, నాకిడిసిపెట్టు" అన్నాడు. రెండు రోజుల్లో చిట్టి పేరుమీద ముద్ర కొట్టిన కార్డు తెచ్చిచ్చాడు. సూది లేదు, ముద్ర ఉంది. మా నలుగురి కార్డుల్లో అన్నిటికంటే అందంగా, అక్షరాలు ఎక్కడా చెదరకుండా ఉన్నది దానిదే.

ఆ ముద్ర అమ్మ గుండెలో రాయిలా కూర్చుంది. విమానంలోనే మొదలుపెట్టింది, దోమ వాలుతుందేమోనని చిట్టి చేతులు దులపడం. పోర్ట్ హార్‌కోర్ట్‌లో దిగాక ఆమె మొట్టమొదట కొన్నది ఉప్పు కాదు, పప్పు కాదు, దోమతెర. ఆ దోమ పగలే కుడుతుందని ఎవరో నర్సు చెప్పిందట, ఇగ చిట్టికి పగలూ రాత్రీ ఆ తెరలోనే కాపురం. తినడం అందులోనే, బొమ్మలు అందులోనే, అక్షరాలు దిద్దడం అందులోనే. ఐదేళ్ళ పిల్ల, తెల్లటి తెరలో, ఫ్రిజ్‌లో పెట్టిన పాలప్యాకెట్ లాగా. ఈ సంగతి బయట ఎవరికీ తెలియకూడదు. తెలిస్తే పోలీసులొస్తారని, అందరినీ పట్టుకుపోతారని అమ్మ భయం. "మన చిట్టికి సూది లేదని నోరు జారినవంటె నీ నోట్ల మన్నువోస్త" అని నాకు రోజూ పొద్దున ప్రార్థనలాగా చెప్పేది.

మేముండేది ఫ్యాక్టరీల పక్కన ఒక కాంపౌండులో. చుట్టూ ఎత్తు గోడ, గోడ మీద గాజు పెంకులు, ఒకే ఒక గేటు, దానికి రెండు గడియలు. పరాయి దేశపు పనివాళ్ళను డబ్బు కోసం ఎత్తుకుపోతారనే భయం ఉండేది కాబట్టి పిల్లలు బడి వ్యానెక్కడానికి తప్ప గేటు దాటకూడదు. బాపును పొద్దున కంపెనీ వ్యాను తీసుకుపోయేది, వెంట తుపాకీ పట్టుకున్న మనిషి. షంషాబాద్‌లో బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ పోయిన మా బాపుకు తుపాకీ కాపలా చూసి మొదట్లో నాకు గర్వంగా ఉండేది. తర్వాత అర్థమైంది, కాపలా మనిషికి కాదు, సగం పూర్తయిన ట్యాంకుకు.

ఆ ఇంటి పొద్దులు నాకు వాసనల్లో గుర్తున్నాయి. ముందు జనరేటర్ డీజిల్ వాసన, అదే మాకు కోడికూత. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు, వచ్చినప్పుడు మాత్రం వీధి వీధంతా ఒక్కసారి కేకేసేది, పెళ్ళివారొచ్చినట్టు. ఆ డీజిల్ మీదికి అమ్మ పోపు వాసన. ఎనిమిది గంటలకు గేటు అవతలినుంచి కాల్చిన అరటికాయ వాసన. రోడ్డుకు ఆ పక్క ఒక లావుపాటి ఆవిడ బొగ్గుల మీద అరటికాయలూ చేపలూ కాల్చి, పామాయిల్ ఎర్రనూనెలో కలిపిన కారం పోసి అమ్మేది. అందరూ ఆమెను మామా అనేవాళ్ళు, అక్కడ మామా అంటే అమ్మ. ఆ వంటకం పేరు బోలె. ఆ ఊరివాళ్ళకు అది మనకు మిర్చిబజ్జీ ఎట్లనో అట్లా. అదంటే నాకు ఎంత ఇష్టమంటే, ఎత్తుకుపోయేవాళ్ళు రోజూ బోలె పెడతామంటే నేనే నడిచి వెళ్ళేవాణ్ణి.

మామా ఒకసారి అమ్మకు తన పెట్టెలోంచి ఒక పాత బట్ట తీసి చూపించింది. ఎర్ర గళ్ళ రుమాలు బట్ట, నూనె వాసన. మా నాయనమ్మల కాలంనుంచీ ఇది మీ దేశంనుంచి ఓడల్లో వచ్చేది, మాలో బిడ్డ పుట్టినా ఇదే, మనిషి పోతే మంచం మీద పరిచేదీ ఇదే అంది. అమ్మ బట్టను వేళ్ళతో నలిపి చూసి, "గిది మన రుమాలేరా, నేతోళ్ళ పని" అని మురిసిపోయింది. మంచం సంగతి నేను తెలుగులో చెప్పాక చెయ్యి వెనక్కి తీసుకుంది.

మామా అరటికాయల బల్ల వెనకాల నల్ల క్యాన్లు వరసగా ఉండేవి. అవి ఏమిటో అందరికీ తెలుసు, ఎవరూ అడగరు. ఊరి చుట్టూ ఉన్న వాగుల్లో, మడ అడవుల్లో, పైపులకు బెజ్జం వేసి దొంగిలించిన ముడినూనెను డ్రమ్ముల్లో వండి పెట్రోల్ తీసేవాళ్ళు. నిజంగా వండడమే. కింద మంట, పైన డ్రమ్ము, పక్కన గొట్టం. సారా కాచినట్టు. ఆ పెట్రోల్ క్యాన్లలో ఊళ్ళోకి వచ్చేది. బాపు ఆ క్యాన్ల వైపు వేలు చూపించి నాకు చెప్పాడు, "అది ముట్టుకుంటె మన జనరేటర్ కాదు, మనమే లేస్తం పైకి."

గేటు దగ్గర కాపలా ఉండేది పాపా సండే, అక్కడ పాపా అంటే నాయన. అరవై దాటిన మనిషి, బక్కగా, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా, మెడలో తాళంచెవుల గుత్తి. పొద్దున లేవగానే గేటు తుడిచేవాడు, ఆ గుడ్డను ఎండకు పట్టి చూసేవాడు, ఆ రోజు ఎట్లా ఉంటుందో చెప్పేవాడు. అతను మాట్లాడేది విరిచి అతికిన ఇంగ్లీషు, నాది తెలుగు మీడియం ఇంగ్లీషు. రెంటికీ భలే పొత్తు కుదిరింది. ఊరి చరిత్ర మొత్తం అతనే నాకు చెప్పాడు, గేటు పక్కన స్టూలు మీద కూర్చుని, చేత్తో గాలిలో గీతలు గీస్తూ. మొదట ఇక్కడ ఉన్నది చెట్లూ, చేపలూ, ఊరి జనం. ఎర్రనూనె పీపాలు ఈ నదుల్లోనే పోయేవి. తర్వాత ఎగువన బొగ్గు దొరికింది, దాన్ని ఓడెక్కించడానికి దొరలు రైలు వేసి రేవు కట్టారు, లండన్‌లో కూర్చున్న ఒక దొర పేరు పెట్టారు. చెట్ల వరసలు, వెడల్పు రోడ్లు, పూలు. తోటల నగరం అని పేరు. తర్వాత భూమిలో నూనె పడింది. "నూనె పడ్డరోజు మా నాయన మేకను కోసిండు," అన్నాడు పాపా. "మనం బతికిపోయినమని. ఆ మేక ఒక్కటే అదృష్టం గల్లది, ముందుగల్ల పోయింది."

అతని గుత్తిలో గేటు తాళాలకు పనికిరాని ఒక చెవి ఉండేది. ఇత్తడిది, అరిగిపోయింది. ఒకరోజు బాపు అదేంటని అడిగాడు. పాపా మా వీధి చివర రెండంతస్తుల ఇంటిని చూపించాడు. అది వాళ్ళ నాన్న కట్టించింది. యాభై ఏళ్ళ కింద ఆ దేశం రెండుగా చీలబోయి యుద్ధం వచ్చినప్పుడు వాళ్ళ జనమంతా ఊరు విడిచి పారిపోయారు. యుద్ధం అయిపోయి తిరిగొచ్చేసరికి ఆ ఇల్లు వదిలేసిన ఆస్తి కింద లెక్కగట్టారు, వేరేవాళ్ళు కాపురం ఉన్నారు. "మేం వదిలెయ్యలే ఓగా," అన్నాడు. ఓగా అంటే సారు అన్నట్టు. "తాళమేసి పోయినం. ఇగో చెవి."

బాపు చాలాసేపు ఆ చెవి తిప్పి తిప్పి చూశాడు. "నీకు చూస్తానికి ఇల్లన్న ఉన్నది," అన్నాడు. "మాది రన్‌వే కింద ఉన్నది."

పాపా "మరి మీకు చెవి ఇచ్చిన్రా?" అన్నాడు. ఇద్దరూ నవ్వారు. ఊళ్ళో జోకులన్నిటికీ నవ్వే నేను దానికి మాత్రం నవ్వలేదు.

నల్లదుమ్ము ఎప్పుడు మొదలైందో చెప్పలేను. ఎండాకాలపు పొడిగాలి తిరిగిన రోజుల్లో ఒక పొద్దున పాపా గుడ్డను ఎండకు పట్టి, ఏమీ చెప్పకుండా మడిచి జేబులో పెట్టుకున్నాడు. అరికాళ్ళు నల్లగా ఉండేవి, కడిగితే పోయేవి, నాలుగడుగులకు మళ్ళీ వచ్చేవి. ముక్కు చీదితే కాటుక. కాంపౌండులో తెల్ల కారు బానెట్ మీద నేను వేలితో నా పేరు రాశాను, సాయంత్రానికి అక్షరాలు మళ్ళీ నిండిపోయాయి. పొద్దు గూకే వేళ ఆకాశం ఒక అంచున నారింజరంగులో ఆగిపోయేది. బావుల దగ్గర కాల్చే గ్యాసు మంటలు అవి, ఎప్పుడూ ఆరవు. అందులోకి ఇప్పుడు వాగుల్లో వండే పొగ, పట్టుబడ్డ దొంగనూనెను పోలీసులు తగలబెట్టే పొగ, అన్నీ కలిశాయి. రేడియోలో కిటికీలు మూసుకోమన్నారు. మేం మూశాం. లోపల డీజిల్, బయట మసి, మధ్యలో మేం, కుక్కర్లో కందిపప్పు లాగా.

అమ్మ మాత్రం దోమల మీదినుంచి చూపు తిప్పలేదు. ప్రతి శుక్రవారం దోమతెర ఉతికేది. మొదట్లో నీళ్ళు కొంచెం మురికిగా వచ్చేవి. తర్వాత బూడిదరంగులో. తర్వాత నల్లగా, సిరాలాగా. ఒక బకెట్, రెండు బకెట్లు, మూడు. ఆమె ఆ నీళ్ళు పారబోసి, తెరను నాలుగువైపులా పట్టి చూసి, ఎక్కడా చిరుగు లేదని, దోమ దూరే సందు లేదని తృప్తిపడి, మళ్ళీ చిట్టి చుట్టూ కట్టేది. దోమను ఆపే తెరలోంచి మసి లోపలికి పోతుందని అమ్మకు తట్టలేదు. నాకు తట్టిందని చెప్పుకుంటే అబద్ధం. నేను ఆ సిరా నీళ్ళతో గోడమీద మీసాలు గీసేవాణ్ణి.

చిట్టికి దగ్గు పట్టుకుంది. తర్వాత ఊపిరి తీస్తే సన్నగా ఈల. నేను దానికి ప్రెషర్ కుక్కర్ అని పేరు పెట్టాను. అది పడుకుని ఈల వేస్తుంటే, "మూడు విజిల్స్ అయినయ్, దించుదామా?" అనేవాణ్ణి. మొదట్లో చిట్టి కూడా నవ్వేది, నవ్వితే దగ్గు, దగ్గితే మళ్ళీ ఈల. అమ్మ బాపుతో, ఇగ పోదాం ఇంటికి అంది. పాస్‌పోర్టులు కంపెనీ ఆఫీసులో ఉన్నాయి, ట్యాంకు పని నడుమ ఉంది. "ఒక్క నెల," అన్నాడు బాపు. "ఈ ట్యాంకు అయిపోని." నెల అయ్యాక ఇంకో నెల. దానికొక కారణం ఉంది, ఇప్పుడైతే అర్థమవుతుంది. అక్కడ బాపు అతికిన ప్రతి జాయింటుకూ ఎక్స్‌రే తీస్తారు. లోపల గాలిబుడగ ఉన్నా, మలినం ఉన్నా ఫిల్ముమీద కనబడుతుంది, కోసేసి మళ్ళీ అతకాలి. బాపుది ఒక్క జాయింటు కూడా కోయలేదు. మిగతా వెల్డర్లు ఆయన ఫిల్ములు చూడ్డానికి వచ్చేవాళ్ళు. చేను పోయినప్పటినుంచీ ఎవరూ ఆయన దేన్నీ చూడ్డానికి రాలేదు.

ఆ రోజు మధ్యాహ్నం నేను బడినుంచి వచ్చేసరికి అమ్మ తెరలోనే ఉంది, చిట్టిని ఒళ్ళో పెట్టుకుని. చిట్టి నోరు తెరిచి గాలి లాగుతోంది. గొంతు కింద గుంట లోపలికి పోతోంది. పెదాలు నేరేడుపండు తిన్నట్టున్నాయి. నేను అలవాటు ప్రకారం, "ఎన్ని విజిల్స్ అయినయ్?" అన్నాను. ఎవరూ నవ్వలేదు. చిట్టి నవ్వడానికి ప్రయత్నించింది. అది ఇప్పటికీ నాకు అప్పుడప్పుడు కనబడుతుంది.

"ఎప్పటిసంది గిట్లున్నది?" అన్నాను.

"పొద్దటిసంది." అమ్మ చిట్టి కనురెప్ప పైకెత్తి చూస్తోంది. "కండ్లు చూడురా, పచ్చగ ఉన్నయా? జరం లేదు. నాకైతె తెల్లగనే కొడుతున్నయ్. నువ్వు చూడు."

అప్పుడు అర్థమైంది. పొద్దటినుంచీ అమ్మ చిట్టి కళ్ళలో పసుపు వెతుకుతోంది. ఎల్లో ఫీవరే అనుకుంది. దవాఖానకు తీసుకుపోతే సూది ఉందా అని అడుగుతారు, కార్డు చూపిస్తే దొంగకార్డని తేలుతుంది, చూపించకపోతే చూడరు. ఆ లెక్కలోనే మధ్యాహ్నం దాకా కూర్చుంది. పక్కింటివాళ్ళను పిలవలేదు. బాపుకు ఫోన్ చేయలేదు. "తెల్లగనే ఉన్నయమ్మా," అన్నాను. "గది కాదు ఇది. ఇది దమ్ము." ఆ మాట ఎట్లా వచ్చిందో తెలియదు. మా తాత చివరిరోజుల్లో దమ్ముతో అట్లానే గుంట పడేలా లాగేవాడు.

నేను గేటు దగ్గరికి పరిగెత్తాను. పాపా సండే లోపలికి వచ్చి ఒక్క చూపు చూసి, డ్రైవర్ ఇమ్మాన్యుయేల్‌ను పిలిచాడు. కాంపౌండులో కారు ఉంది. కారులో పెట్రోల్ లేదు. ఆ వారమంతా ఊళ్ళో పెట్రోల్ లేదు. భూమిలోంచి నూనె తోడి ప్రపంచానికంతా పంపే ఊళ్ళో, బంకు ముందు కిలోమీటరు పొడవున బళ్ళు. ఇమ్మాన్యుయేల్ తెల్లవారుజామున పోయి, వట్టి చేతులతో తిరిగొచ్చాడు. పాపా అతన్నీ, కారునూ, చిట్టినీ చూశాడు. గేటు రెండు గడియలూ తీసి రోడ్డు దాటి మామా దగ్గరికి పోయాడు.

మామా బోలె బొగ్గులమీద నీళ్ళు కుమ్మరించింది, నల్ల క్యాను ఎత్తుకుని తనే వచ్చింది. ఇమ్మాన్యుయేల్ వెనక్కి తగ్గాడు. "అది పోస్తె ఇంజను పేలుతది మామా," అన్నాడు. "పేల్తె అందరం ఒక్కసారే పోతం, దారిఖర్చు కలిసొస్తది," అంది మామా. గరాటు పెట్టి పోసింది. ఆ వాసన నాకు తెలిసిన పెట్రోల్ వాసన కాదు, మాడిన డ్రమ్ము వాసన. తర్వాత తన కొట్టుకు పోయి పెట్టెలోని ఆ ఎర్రగళ్ళ రుమాలు తెచ్చి, చింపి, తడిపి, చిట్టి ముక్కూ నోరూ కప్పింది. అది చనిపోయినవాళ్ళ మంచం మీది బట్ట అని అమ్మకు తెలుసు. అమ్మ దాన్ని తీసేయలేదు. చిట్టి గొంతులో మసి ఏ పొగలోంచి వచ్చిందో, ఆ పొగలో వండిన పెట్రోలే దాన్ని దవాఖానకు మోసుకుపోయింది. దారిపొడుగునా ఇంజను దగ్గింది, వెనక సీట్లో చిట్టి దగ్గింది. ఏది ముందు ఆగుతుందోనని నేను రెండింటినీ విన్నాను. రెండూ ఆగలేదు.

దవాఖానలో కార్డు ఎవరూ అడగలేదు. మూతికి మాస్కు పెట్టారు, ఆవిరి మందు ఎక్కించారు, ఛాతీకి ఎక్స్‌రే తీశారు. కబురంది బాపు పనిబట్టల్లోనే వచ్చాడు, చేతికి తోలు గ్లౌజు ఒకటి అట్లానే ఉంది. డాక్టరు ఇంకా చెప్పడం మొదలుపెట్టకముందే ఫిల్ము తీసుకుని కిటికీ వెలుగుకు పట్టాడు. అది ఆయన రోజూ చేసే పనే. వేలితో మూలనుంచి మూలకు పోయాడు, జాయింటు చూసినట్టే, నెమ్మదిగా. ఒకచోట ఆగాడు. ఇంకోచోట ఆగాడు.

"గిదేంది," అన్నాడు, "స్లాగ్ తీరుగ ఉన్నది." స్లాగ్ అంటే అతుకు లోపల చిక్కుకుపోయే మలినం. అది కనబడితే జాయింటు ఫెయిల్. కోసేసి మళ్ళీ అతకాలి. బాపు ఫిల్మును కిందికి దించలేదు. చెయ్యి నొప్పెట్టేదాకా అట్లానే పట్టుకుని నిలబడ్డాడు. డాక్టరు చెప్పింది క్లుప్తం: దీన్ని ఈ గాలినుంచి తీసుకుపోండి. బాపు చేసిన జాయింట్లన్నీ పాసయ్యాయి, ఇది తప్ప. మర్నాడు ట్యాంకు సగంలో వదిలేసి ఆఫీసుకు పోయి పాస్‌పోర్టులు అడిగాడు.

పోయేరోజు పాపా సండే గేటు తీసి, చిట్టి చేతిలో ఒక కాల్చిన అరటికాయ పెట్టాడు. బాపు, "ఈ ఊరు మంచిగైతదా పాపా?" అని అడిగాడు. పాపా గుడ్డ తీసి చూశాడు. "బొగ్గు పోయింది ఓగా. నూనె కూడ పోతది. గేటు ఉంటది," అన్నాడు. షంషాబాద్‌లో దిగాక ఆరోగ్యం కౌంటరు దగ్గర అమ్మ చేతిలోంచి నాలుగు కార్డులూ కిందపడ్డాయి. ఆఫీసరు ఏరి చూశాడు. బాపు కార్డు మీద ముద్ర చెరిగిందని రెండు ప్రశ్నలు అడిగాడు. చిట్టి కార్డు మీద ఏమీ అడగలేదు. అంత శుభ్రమైన కార్డు ఆ రోజు ఆయన చూసి ఉండడు.

కొన్ని నెలలకు అక్కడే ఉండిపోయిన ఒక ఫిట్టరు ఫోన్‌లో చెప్పాడు, మామా కొట్టు అంటుకుందట. క్యాన్లు ఒకదాని తర్వాత ఒకటి పేలాయట. మామా లోపల ఉందా అని అమ్మ అడిగింది. లైను కట్టయింది. మళ్ళీ చేస్తే అతను వేరే సంగతులు మాట్లాడాడు. అమ్మ రెండోసారి అడగలేదు.

ఇప్పుడు బాపు మా వీధి మొదట్లో చిన్న షెడ్డు పెట్టుకుని గేట్లు, కిటికీ ఊచలు చేస్తాడు. మహేశ్వరం దాకా లేచిన ప్లాట్ల మీద విల్లాలకు నెమళ్ళ డిజైను గేట్లు. నెమలికి ఎవరూ ఎక్స్‌రే తీయరు. అమ్మ ఇంకా శుక్రవారం దోమతెర ఉతుకుతుంది. మేం వచ్చిన కొత్తలో నీళ్ళు ఎర్రగా వచ్చేవి, మా మట్టి రంగు. ఇప్పుడు రోడ్డుమీద లారీలు, పైన విమానాలు, అటు ఫ్యాక్టరీలు. ఈమధ్య ఆ ఎరుపులో ఇంకేదో రంగు కలుస్తోంది. అమ్మ పారబోసే ముందు బకెట్‌లోకి వంగి చూస్తుంది. ఇప్పుడు చిరుగుల కోసం కాదు.

మెట్ల మీదికి చిట్టి వచ్చి నా పక్కన కూర్చుంది. ఎక్కేటప్పుడు మూడో మెట్టు దగ్గర ఆగుతుంది, ఆగినట్టు తెలియకుండా చెప్పు సర్దుకుంటుంది. "వచ్చిందా సిగ్నల్?" అంది.

"వచ్చింది."

"ఏమనున్నది?"

చెప్పాను.  "బాపుకైతె చచ్చిందని చెప్పు," అంది. "నువ్వు ఎట్లైన జోకులేస్తవ్ గద. ఇది గూడ జోకనుకుంటరు."

కిందికి దిగాను. బాపు సందుగ పక్కన అట్లానే గొంతుక్కూర్చుని ఉన్నాడు, మోకాళ్ళమీద పాత తోలు గ్లౌజులు. వంటింటి గుమ్మంలో అమ్మ. "చచ్చింది బాపూ" అనడానికి నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే విమానం వచ్చింది. అలవాటు ప్రకారం ముగ్గురం ఆగాం. అది పోయేదాకా బాపు నన్ను చూస్తూ ఉన్నాడు, ఫిల్ము వెలుగుకు పట్టి చూసినట్టు, మూలనుంచి మూలకు. అట్లా చూసే మనిషికి అబద్ధం చెప్పడం నాకు చేతకాలేదు. విమానం పోయింది. ఉన్నదున్నట్టు చదివి వినిపించాను: ముందు పదేళ్ళ గడువు ఉండేదట, అది తీసేశారు. ఒక్కసారి వేయించుకుంటే ఆ మనిషి జీవితాంతం చెల్లుతుంది, మళ్ళీ సూది అక్కర్లేదు. ఒరిజినల్ కార్డే తీసుకుపోవాలి, జిరాక్స్ ఒప్పుకోరు.